ఇంటి ఆవరణలో పెద్ద చెట్టు: ఉంచాలా, కొట్టించాలా? హైదరాబాద్ ఇళ్లవాళ్ల కోసం పూర్తి గైడ్

ఇంట్లో ఉన్న పెద్ద చెట్టుని తీసేయాలా వద్దా అన్న ప్రశ్న మన ఊళ్లో ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట మబ్బు కమ్మి, ఒక్కసారిగా ఈదురుగాలి లేచి, పక్క వీధిలో ఒక గుల్‌మొహర్ కారు మీద పడ్డాక అందరూ తలెత్తి తమ ఇంటి చెట్టు వైపు చూస్తారు. 2024 మే నెలలో ఈదురుగాలులకి చెట్లు కూలి, బండి మీద వెళ్తున్న మనుషులు చనిపోయిన వార్తలు నగరంలో అందరం చదివాం. ఆ భయంలో నిక్షేపంగా ఉన్న వేపచెట్టుని కొట్టించేసినవాళ్లు ఉన్నారు, మొదలంతా కుళ్లిన చెట్టుని "తాతగారు నాటింది" అని అలాగే పిల్లల గది మీదకి వంగనిచ్చినవాళ్లూ ఉన్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. చెట్టు వయసు చూసో, ఆకులు రాలాయనో నిర్ణయం తీసుకోకండి. మొదలు ఎలా ఉంది, వేర్లు నేలని పట్టుకుని ఉన్నాయా, పడితే ఎవరి మీద పడుతుంది, ఈ మూడే చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు, అప్పటికే అది పెద్ద మాను, ఇవాళ్టికీ బతికే ఉంది. వయసే కారణమైతే దాన్ని ఎప్పుడో కొట్టేయాలి. అదే సమయంలో పట్టుమని పాతికేళ్లు లేని చెట్లు ప్రతి వేసవిలోనూ వేర్లతో సహా లేచి పడుతున్నాయి.

ఈ పరిశీలనకి మంచి సమయం ఫిబ్రవరి, మార్చి. గాలులు మొదలయ్యే లోపు మీ చేతిలో నిర్ణయం ఉంటుంది. రెండోసారి వానాకాలంలో, బాగా కురిసిన ఒక వాన తర్వాత చూడండి, ఎందుకంటే కొన్ని తేడాలు నేల నానినప్పుడే బయటపడతాయి. కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు: టేపు, ఒక సన్నటి ఇనుప చువ్వ, రబ్బరు సుత్తి, మేస్త్రీలు వాడే తూకం గుండు, ఫోన్ కెమెరా.

మొదటి అడుగు: పడితే ఎక్కడ పడుతుంది?

చెట్టు ఎత్తు తెలుసుకోండి. ఎండలో ఒక మీటరు కర్ర నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవండి, వెంటనే చెట్టు నీడ కూడా మొదలు నుంచి చివరి దాకా కొలవండి. చెట్టు నీడని కర్ర నీడతో భాగిస్తే ఎత్తు మీటర్లలో వచ్చేస్తుంది. ఇప్పుడు చెట్టు మొదలు నుంచి అంత దూరం వరకు చుట్టూ నడిచి, ఆ పరిధిలో ఏమేం ఉన్నాయో చూడండి. మీ పడకగది, పక్కింటివాళ్ల పైకప్పు రేకులు, గేటు ముందు రోడ్డు, కరెంటు తీగలు, ట్రాన్స్‌ఫార్మర్, పిల్లలు స్కూల్ బస్సు కోసం నిలబడే చోటు, వాచ్‌మన్ గది.

వాచ్‌మన్ గది గురించి విడిగా చెప్తాను. చాలా ఇళ్లలో అది ప్రహరీ గోడకి ఆనుకుని, రేకుల కప్పుతో, సరిగ్గా పెద్ద చెట్టు కిందే ఉంటుంది. ఒక కుటుంబం రాత్రంతా అక్కడ పడుకుంటుంది. స్లాబ్ ఇంటి మీద కొమ్మ పడితే పిట్టగోడ పగులుతుందేమో, రేకుల మీద పడితే మనుషులు పోతారు. లెక్క వేసేటప్పుడు ఆ గదిని మీ సొంత గదితో సమానంగా లెక్కలోకి తీసుకోండి.

మనుషులు ఎంతసేపు ఉంటారు అన్నది కూడా ముఖ్యం. పెరట్లో ఎవరూ వెళ్లని మూల మీదకి వంగిన ఎండు చెట్టు వల్ల వచ్చే ప్రమాదం తక్కువ. అదే చెట్టు రోజూ కూరగాయల బండి ఆగే చోట ఉంటే సంగతి వేరు. కొన్నిసార్లు చెట్టుని కదపకుండా కింద ఉన్నదాన్ని జరిపితే సరిపోతుంది. కారు పార్కింగ్ మార్చడం, ఊయల తీసి ఇంకో చోట కట్టడం, రేకుల షెడ్డు జరపడం లాంటివి అనుమతులు లేకుండా ఒక్కరోజులో అయిపోయే పనులు. ముందు వాటి గురించి ఆలోచించండి.

రెండో అడుగు: మొదలు, నేల

అసలు విషయమంతా ఇక్కడే ఉంది కాబట్టి తొందరపడకండి. మనవాళ్లు చెట్టుని పైనుంచి కిందకి చూస్తారు, మీరు కింద నుంచి పైకి చూడండి.

హైదరాబాద్ నేల గురించి ఒక మాట. మన కింద ఉన్నది గ్రానైట్. చాలా కాలనీల్లో మూడు నాలుగు అడుగులు తవ్వేసరికి మొరం, ఆ కింద రాయి తగులుతుంది. సాధారణంగానే చెట్ల వేర్లలో ఎక్కువ భాగం పై రెండు అడుగుల మట్టిలోనే పక్కలకి పాకుతాయి, కొమ్మల నీడ దాటి ఇంకా బయటికి వెళ్తాయి. ఇక కింద రాయి ఉన్న చోట లోతుకి దిగే దారే ఉండదు. అంటే మీ చెట్టుని నిలబెడుతున్నది లోతుగా దిగిన తల్లివేరు కాదు, చుట్టూ పరుచుకున్న పక్కవేర్లు. వాటిని మనమేం చేస్తున్నాం? ఒక పక్క సంప్ తవ్వించాం, ఇంకో పక్క డ్రైనేజీ పైపు, మూడో పక్క ప్రహరీ పునాది, మిగిలిన నాలుగో పక్క పార్కింగ్ టైల్స్. 2020 అక్టోబరులో కురిసినట్టు కుండపోత కురిస్తే నానిన మట్టి పట్టు వదిలేస్తుంది, పక్కవేర్లు లేని చెట్టు పెద్ద గాలి లేకుండానే ఒరిగిపోతుంది.

కాబట్టి మొదట గుర్తు చేసుకోవాల్సింది గత ఐదారేళ్లలో ఆ చెట్టు చుట్టూ ఏం తవ్వారు అన్నది. బొదె చుట్టుకొలతని ఛాతీ ఎత్తులో టేపుతో కొలిచి 3.14తో భాగిస్తే అడ్డకొలత వస్తుంది. దానికి మూడు రెట్ల దూరం లోపల పెద్ద వేర్లు నరికి ఉంటే ఆ చెట్టు నిలకడ బాగా దెబ్బతిన్నట్టే లెక్క. ఉదాహరణకి అడ్డకొలత రెండు అడుగులైతే ఆరు అడుగుల లోపల. ఒకే పక్క నరికినా సరే. పైన ఆకులు పచ్చగా కళకళలాడుతూ ఉండొచ్చు, ఎందుకంటే నీళ్లు తాగడానికి మిగిలిన వేర్లు సరిపోతాయి, గాలిని తట్టుకోవడానికి మాత్రం సరిపోవు.

తర్వాత నేల చూడండి. చెట్టు వంగిన వైపు కాకుండా దానికి ఎదురు వైపు మట్టి కొద్దిగా ఉబ్బిందా? అర్ధచంద్రాకారంలో పగులు వచ్చిందా? టైల్స్ కొత్తగా లేచాయా? గాలి వీస్తున్నప్పుడు దూరంగా నిలబడి చూస్తే మొదలు దగ్గర నేల కూడా శ్వాస తీసుకుంటున్నట్టు లేచి దిగుతోందా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఇక ఈ గైడ్ చదువుతూ కూర్చోకండి. ఆ చెట్టు పడే వైపున్న గది ఖాళీ చేసి, బండ్లు తీసేసి, అదే రోజు జీహెచ్ఎంసీ హెల్ప్‌లైన్ 040-21111111కి ఫోన్ చేయండి. తీగల మీదకి ఒరిగితే విద్యుత్ శాఖ నంబరు 1912. తీగ తెగి పడి ఉంటే దాని దరిదాపుల్లోకి ఎవరినీ వెళ్లనివ్వకండి, తడి నేల మీద మరీ దూరంగా ఉండండి.

వంపు గురించి చాలామందికి అనవసరమైన భయం ఉంది. పుట్టినప్పటి నుంచీ వెలుతురు కోసం గోడ దాటి వంగి పెరిగిన చెట్టు, చివర మళ్లీ పైకి నిటారుగా తిరిగి ఉంటే, అది తనకి తానే సర్దుకుని పెరిగిన చెట్టు. కొబ్బరిచెట్లలో ఇది మామూలే. భయపడాల్సింది కొత్త వంపుని చూసి. ఈ సంవత్సరం ఎంత వంగిందో వచ్చే సంవత్సరం గుర్తుండదు కాబట్టి, తూకం గుండు వేలాడదీసి, ఒకే చోట నిలబడి ఫోటో తీసి పెట్టుకోండి. నిలబడిన చోట నేల మీద రంగుతో గుర్తు పెట్టండి. ప్రతి మార్చిలోనూ, ప్రతి అక్టోబరులోనూ అదే ఫోటో. ఈ అలవాటు కంటే ఉపయోగపడే పరికరం ఇంకోటి నాకు తెలియదు.

ఇక మొదలు. మట్టికి ఆనుకున్న చోట పళ్లెంలాగా, గట్టిగా, చెక్కకి అతుక్కుని పెరిగే పుట్టగొడుగులు కనిపిస్తే అది పైపైన ఉన్న జబ్బు కాదు, లోపల చెక్క కుళ్లుతోందని అర్థం. గానోడెర్మా అనే శిలీంధ్రం వేపని, గుల్‌మొహర్‌ని, కొబ్బరిని, ఇంకా చాలా చెట్లని పడుతుంది. పుట్టగొడుగు పీకేస్తే జబ్బు పోదు. బెరడు కింద మెత్తగా ఉందేమో ఇనుప చువ్వతో నెమ్మదిగా పొడిచి చూడండి, వేళ్లంత లోతుకి ఇబ్బంది లేకుండా దిగిపోతుంటే ఆ చోట చేవ లేదు. మొదలంటా సిమెంటు పోసి ఉంటే ఇవేవీ కనిపించవు, కాబట్టి ముందు ఆ సిమెంటు జాగ్రత్తగా పగలగొట్టించి చుట్టూ మూడు నాలుగు అడుగులు మట్టి బయటపడేలా పాదు చేయించండి. చెట్టు ఉంచాలని తేలినా ఆ పాదు ఎలాగూ కావాలి, వాన నీళ్లు వేర్లకి అందాలి కదా.

చెదలు చూసి మాత్రం కంగారు పడకండి. మనకి కనిపించే మట్టి పూతలో చాలాసార్లు చెద తినేది బెరడు పైన ఉన్న చచ్చిన పొరని. మట్టి తుడిచి, కింద బెరడు గట్టిగా ఉంటే చికిత్సతో పోతుంది. లోపలి చెక్క దాకా వెళ్లిందా అన్నదే ప్రశ్న. మహబూబ్‌నగర్ దగ్గరున్న పిల్లలమర్రికి చెద పట్టి 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడితే, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి కొమ్మల్లోకి మందు ఎక్కించారు, బరువైన కొమ్మల కింద స్తంభాలు నిలబెట్టారు. శతాబ్దాల నాటి మర్రి అలా నిలబడింది. ఇంటి చెట్టుకి అంత అక్కర్లేదు గానీ, చెద పట్టిందన్న ఒక్క కారణానికి గొడ్డలి తీయకూడదని మాత్రం దాన్ని చూసి తెలుసుకోవచ్చు.

మూడో అడుగు: బొదె, తొర్ర, పంగ

రబ్బరు సుత్తితో బొదె చుట్టూ తడుతూ రండి. గట్టి చెక్క ఉన్న చోట శబ్దం మందంగా, ఆగిపోయినట్టు వస్తుంది. డొల్ల ఉన్న చోట డప్పులా మోగుతుంది. మోగిన చోటల్లా చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి.

తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు. చెట్టు బలం ఎక్కువగా బయటి పొరల్లో ఉంటుంది, నడిమి చెక్క పోయినా గొట్టంలా నిలబడుతుంది. చెట్ల నిపుణులు వాడే మోటు లెక్క ఏమిటంటే, బొదె వ్యాసార్ధంలో దాదాపు మూడో వంతు మందాన చుట్టూ గట్టి చెక్క ఉండాలి. అడ్డకొలత 60 సెంటీమీటర్లు ఉంటే అందులో సగం 30, దానిలో మూడో వంతు 10 సెంటీమీటర్లు. తొర్ర నోట్లోంచి చువ్వ పెట్టి లోతు కొలిస్తే మీకు సుమారుగా తెలుస్తుంది. అయితే ఈ లెక్క తొర్ర నోరు చిన్నగా ఉన్నప్పుడే. బొదె చుట్టుకొలతలో మూడో వంతు దాకా తెరుచుకుని ఉంటే గొట్టం చీలినట్టే, అప్పుడు మందం ఎంతున్నా నమ్మడానికి లేదు. తొర్రలో చిలకలు, గోరింకలు కాపురం ఉంటాయి, చువ్వ పెట్టే ముందు చూసుకోండి.

తొర్రలో సిమెంటు, ఇటుక ముక్కలు కూరే పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. గాలికి చెట్టు ఊగుతుంది, సిమెంటు ఊగదు, రెంటికీ మధ్య సందు పడి అక్కడే తడి నిలిచి కుళ్లు ఇంకా పెరుగుతుంది. పైగా లోపల ఏం జరుగుతోందో చూసే దారి కూడా మూసుకుపోతుంది.

పంగ దగ్గర ఆగి బాగా చూడండి. రెండు సమానమైన మాన్లు ఇంగ్లీషు వి అక్షరంలా ఇరుగ్గా చీలి, మధ్యలో బెరడు లోపలికి మడత పడి ఉంటే అక్కడ చెక్క చెక్కతో కలవలేదు, బెరడు బెరడుతో ఒరుసుకుంటోంది అంతే. ఆ పంగలో నిలువుగా పగులు కనిపిస్తే, లేదా పగులులోంచి రసం కారుతుంటే, ఒక మాను ఎప్పుడో ఒకప్పుడు చీలి పడుతుంది. పెన్సిల్‌తో పగులు చివర గీత గీసి తేదీ రాయండి, నెలలో దాటిందంటే ఇక ఆగకూడదు. యు ఆకారంలో విశాలంగా ఉన్న పంగ సాధారణంగా గట్టిది.

ఇంకో చెడ్డ చోటు, గతంలో తల నరికేసిన చెట్లు. తీగలకి అడ్డమొస్తోందనో, ఎక్కువ పెరిగిందనో పైభాగం మొత్తం మొండిగా కొట్టేస్తారు. ఆ మొండి చివర్ల నుంచి గుంపులుగా కొమ్మలు వచ్చి రెండు మూడేళ్లలో మళ్లీ గుబురు అవుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఆ కొమ్మలు లోపలి చెక్కలో పాతుకోలేదు, పైపొరకి అతుక్కుని ఉంటాయి, కింద మొండి కుళ్లుతూ ఉంటుంది. గాలికి ముందు విరిగేవి అవే. ఒక పక్కే కొట్టేసిన చెట్టయితే బరువంతా రెండో పక్కకి పడుతుంది, సాధారణంగా ఆ రెండో పక్క మీ ఇల్లే ఉంటుంది.

నాలుగో అడుగు: కొమ్మలు, ఆకులు

ఇక్కడే జనం ఎక్కువగా మోసపోతారు. ముఖ్యంగా వేప విషయంలో.

2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి ఎండిపోతూ, నిప్పు తగిలినట్టు గోధుమరంగుకి మారిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులు అది, దానికి తోడు రసం పీల్చే టీ దోమ అనే పురుగు కూడా ఉంది. ఆ తెగులు తర్వాత కూడా వస్తూనే ఉంది, సాధారణంగా వానాకాలం చివర మొదలై చలికాలం దాకా కనిపిస్తుంది. చచ్చిపోయిందనుకుని కొట్టించేసిన చెట్లలో చాలా వరకు బతికేవే, ఎందుకంటే ఎన్నో చెట్లు వేసవి వచ్చేసరికి మళ్లీ చిగురించాయి. అందుకే వేప విషయంలో నా నియమం చాలా గట్టిది: అక్టోబరు, జనవరి మధ్య ఆకులు చూసి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఉగాది దాకా ఆగండి. పచ్చడికి పువ్వు దొరికిన చెట్టుని ఎలాగూ కొట్టరు. పువ్వు లేకపోయినా చిగురు ఉంటే చాలు.

ఆగలేనివాళ్లకి ఒక పరీక్ష ఉంది. వేలు లావున్న కొమ్మ మీద గోరుతోనో చాకుతోనో బెరడు కొంచెం గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగుగా, పొడిగా ఉంటే ఆ కొమ్మ చచ్చింది, ఇంకొంచెం కిందకి వచ్చి మళ్లీ గీకండి. నాలుగు దిక్కులా గీకినా, కింద పెద్ద కొమ్మల్లో కూడా పచ్చదనం దొరక్కపోతే అప్పుడు చెట్టు పోయిందని అనుకోవచ్చు. తెగులు గురించి అనుమానముంటే రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ మనకి దగ్గర్లోనే ఉన్నాయి, ఆకు, కొమ్మ నమూనాతో వెళ్లి అడగండి.

ఎండు కొమ్మలు ఎప్పుడైనా తీసేయాల్సిందే, చేతి లావు దాటిన ఎండు కొమ్మ మనిషి తల మీద పడితే చాలు. కానీ ఎండు కొమ్మలు ఉన్నాయని చెట్టు తీసేయక్కర్లేదు. పైభాగంలో సగానికి పైగా ఎండిపోయి, రెండు వేసవులు దాటినా తిరిగి రాకపోతే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

మామిడిలో కాండం తొలుచు పురుగు చూడండి. బొదె మీద రంధ్రాలు, కింద రంపపు పొట్టు లాంటిది రాలి ఉండటం దాని గుర్తు. మొదట్లో పట్టుకుంటే పురుగుని తీగతో లాగి మందు పెట్టి చెట్టుని కాపాడవచ్చు. కొబ్బరి సంగతి వేరు. దానికి పెరిగే మొవ్వ ఒక్కటే. ఎర్ర ముక్కు పురుగు మొవ్వ తొలిచేసి, నడిమి ఆకు ఊడి చేతికి వచ్చేస్తే, లేదా పిడుగు పడి తల మాడిపోతే అది మళ్లీ చిగురించదు, తల లేని కొబ్బరి మానుని ఉంచడంలో అర్థం లేదు.

ఏ చెట్టు అన్నది కూడా చూడాలి

మన కాలనీల్లో ఎక్కువగా కూలేవి తొందరగా పెరిగి, మెత్తటి చెక్క ఉన్నవి: గుల్‌మొహర్, పసుపు పూల పెల్టోఫోరం, సుబాబుల్. గుల్‌మొహర్ మడగాస్కర్ నుంచి వచ్చిన చెట్టు, వేర్లు పైపైనే పాకుతాయి, వయసు మీద పడేకొద్దీ బొదె డొల్ల పడటం సాధారణం. ముప్పై నలభై ఏళ్ల గుల్‌మొహర్ ఇంటికి ఆనుకుని ఉంటే ఏటా తప్పకుండా చూడాలి. నిద్రగన్నేరు బొదె గట్టిగానే ఉంటుంది, కానీ కొమ్మలు అడ్డంగా చాలా దూరం చాచి ఆ బరువుకే విరుగుతాయి, దానికి కొసలు తేలిక చేయించడం పరిష్కారం. యూకలిప్టస్ ఎత్తు చూసి భయపడాలి. వేప, చింత, నేరేడు, కానుగ, ఇవి నిలబడే చెట్లు. వీటిని కొట్టించాలంటే మొదలు దగ్గర గట్టి కారణం కనిపించాలి. రావి, మర్రి విడిగా నేల మీద ఉంటే దృఢమైనవే, సంప్ పక్కనో గోడలోనో మొలిస్తే మాత్రం చిన్నప్పుడే జాగ్రత్తగా తీసి ఖాళీ స్థలంలో నాటేయండి, పదేళ్లు ఆగితే గోడో చెట్టో ఒకటే మిగులుతుంది.

వేర్లు సంప్‌లోకి వచ్చాయని చెట్టు కొట్టించేవాళ్లకి ఒక మాట. చాలాసార్లు గోడ ముందే పగిలి నీళ్లు కారుతుంటే ఆ తడికి వేర్లు వస్తాయి. సంప్ రిపేరు చేయించకుండా చెట్టు తీసేస్తే నీళ్లు కారడం ఆగదు.

ఐదో అడుగు: నిర్ణయం

ఇప్పుడు మూడూ కలిపి చూడండి. నేల కదులుతోంది, లేదా మొదలు కుళ్లింది, లేదా దగ్గరగా పెద్ద వేర్లు నరికేశారు, పైగా కింద మనుషులు ఉన్నారు: తీసేయండి, వచ్చే వేసవి దాకా ఆగకండి. ఎంత ఇష్టమైన చెట్టయినా ఇక్కడ మొహమాటం వద్దు. పక్కింటివాళ్ల పిల్లలు ఆ చెట్టు కిందే ఆడుకుంటారు.

మొదలు బాగుండి, సమస్య పైన ఉంటే, అంటే ఎండు కొమ్మలు, ఇంటి మీదకి చాచిన బరువైన కొమ్మ, ఇరుకు పంగ, అప్పుడు కొమ్మలు తీయించడం, అవసరమైతే పంగకి పైన ఉక్కు తాడు కట్టించడం, కొమ్మ కింద ఊత పెట్టించడం. ఒక్కసారిలో పచ్చని భాగంలో నాలుగో వంతు మించి తీయనివ్వకండి. కొమ్మని మొదలంటా బొదెకి సమంగా చెక్కేయకుండా, కొమ్మ పుట్టే చోట ఉండే ఉబ్బు వదిలి దాని బయట కోయాలి, ఆ ఉబ్బే గాయాన్ని మూసేది. బరువైన కొమ్మయితే ముందు కింద నుంచి కొంచెం కోసి, దానికి కాస్త బయటగా పైనుంచి కోసి, చివరికి మిగిలిన మొండి తీయాలి. లేకపోతే కొమ్మ విరిగేటప్పుడు బొదె బెరడు కూడా చీల్చుకుని దిగుతుంది.

మధ్యలో ఉన్న చెట్లు చాలా ఉంటాయి. చిన్న తొర్ర, పాత వంపు, ఒక పక్క కొంచెం చెద. వీటికి ఫోటో, గీత, తేదీ, ఏడాదికి రెండుసార్లు పరిశీలన. ఈ విషయంలో ఇంట్లో పెద్దవాళ్ల మాట వినండి, ఆ చెట్టు ఎప్పటి నుంచి అలా ఉందో వాళ్లకే తెలుస్తుంది. ఒక హెచ్చరిక: చెట్లు కొట్టే కూలీలని "ఇది పడుతుందా" అని అడిగితే పడుతుందనే చెప్తారు, దుంగ అడితికి అమ్ముకుంటే వాళ్లకి వచ్చేది ఉంటుంది. అభిప్రాయం అడిగేది ఒకరిని, పని ఇచ్చేది ఇంకొకరికి అయితే మంచిది.

ఆరో అడుగు: అనుమతి

మన ఇంట్లో ఉన్నా, మనమే నాటినా, తెలంగాణలో చెట్టు కొట్టడానికి ముందస్తు అనుమతి కావాలి. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఇప్పటికీ అమల్లో ఉంది, దాని ప్రకారం అటవీ శాఖ అనుమతిస్తుంది. కొన్ని జాతులకి మినహాయింపులు ఉన్నాయి, మీ చెట్టు అందులో ఉందో లేదో అధికారినే అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. అనుమతి లేకుండా కొడితే జరిమానా వేస్తారు, హైదరాబాద్‌లో ఇంటివాళ్లకీ బిల్డర్లకీ వేసిన సందర్భాలు ఉన్నాయి. గేటు బయట ఫుట్‌పాత్ మీద ఉన్న చెట్టయితే అసలు మీది కాదు, జీహెచ్ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ విభాగానికి ఫిర్యాదు ఇవ్వాలి, కొమ్మలు కూడా వాళ్లే తీయాలి.

దరఖాస్తుకి మీరు ఇప్పటిదాకా తీసిన ఫోటోలే బలం. మొదలు కుళ్లు, నేల పగులు, పక్కన ఇల్లు కనిపించేలా దూరం నుంచి ఒకటి, చెట్టు పేరు, చుట్టుకొలత, సుమారు ఎత్తు, ఎందుకు ప్రమాదమో నాలుగు వాక్యాలు, ఇంటి కాగితాల నకలు. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ తీర్మానం జత చేయండి, లేకపోతే చెట్టు పడ్డాక ఎవరు సంతకం పెట్టారన్న గొడవ మొదలవుతుంది. అధికారి వచ్చి చూసేటప్పుడు ఇంట్లో మీరు ఉండండి, గుర్తు పెట్టిన చోట్లన్నీ చూపించండి. చెట్టుకి బదులు మొక్కలు నాటాలన్న షరతు ఉంటుంది, ఎక్కడ నాటుతారో ముందే ఆలోచించి చెప్తే పని సులువు. దుంగలు లారీలో తరలించడానికి కూడా పర్మిట్ కావాలి, టేకు, చందనం లాంటి వాటికి నియమాలు ఇంకా కఠినంగా ఉంటాయి.

ఏడో అడుగు: కొట్టించే రోజు

ఇరుకు స్థలంలో చెట్టుని ఒకేసారి పడగొట్టడం కుదరదు. పైనుంచి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ మోకు కట్టి నెమ్మదిగా దించాలి. పనివాళ్ల దగ్గర నడుముకి కట్టుకునే బెల్టు, హెల్మెట్ ఉన్నాయా చూడండి, లేకపోతే తెప్పించండి, డబ్బు మీరే పెట్టినా పర్వాలేదు. చెప్పుల్లేకుండా లుంగీ మడిచి మిషన్ రంపం పట్టుకుని పైకెక్కే మనిషిని చూసి ఊరుకోకూడదు. అతను పడితే ఇంటి యజమానిగా మీరే జవాబు చెప్పాలి. తీగలు దగ్గర్లో ఉంటే 1912కి ముందే చెప్పి లైను ఆపించాకే పని మొదలుపెట్టాలి. డొల్ల చెట్టు ఎక్కనివ్వకండి, దానికి క్రేన్ బుట్టే దారి. గాలి, వాన ఉన్న రోజు పని ఆపేయండి. కొట్టే ముందు గూళ్లు చూడండి, పిల్లలున్న గూడు కనిపిస్తే, చెట్టు ఇవాళ రేపట్లో పడే స్థితిలో లేకపోతే, అవి ఎగిరిపోయేదాకా కొన్ని వారాలు ఆగండి.

మోడు ఏం చేయాలి? నేలకి సమంగా కోసి వదిలేస్తే చెద పట్టి ఇంటి తలుపుల దాకా వస్తుంది, కొన్ని జాతులు మళ్లీ పిలకలు వేస్తాయి. వీలైతే వేరుతో తవ్వించండి. పునాదికో సంప్‌కో మరీ దగ్గరుంటే మిషన్‌తో లాగించకుండా చేత్తో కొంచెం కొంచెంగా తీయించండి. కిరోసిన్, యాసిడ్ పోయొద్దు, ఆ మట్టిలో తర్వాత ఏదీ సరిగ్గా ఎదగదు, బోరు నీళ్లకీ మంచిది కాదు. తవ్విన గుంతని మట్టితో నింపి తొక్కించండి, మొదటి వానకి కుంగుతుంది, మళ్లీ నింపాలి.

కొత్త మొక్క సరిగ్గా అదే గుంతలో వద్దు, ముఖ్యంగా పాతది గానోడెర్మాతో పోయి ఉంటే. కొన్ని అడుగులు జరిపి, గోడ నుంచి కనీసం పది అడుగుల దూరంలో, తీగల కింద కాకుండా చోటు చూడండి. తీగల కిందే స్థలం ఉంటే కరివేపాకు, నిమ్మ, దానిమ్మ, నందివర్ధనం లాంటివి. పెద్ద స్థలం ఉంటే వేప, నేరేడు, కానుగ. నర్సరీ సంచిలో వేర్లు గుండ్రంగా చుట్టుకుపోయిన మొక్క తెచ్చుకోకండి, సంచి చించి చూశాకే డబ్బులివ్వండి, అలా చుట్టుకున్న వేరే పెద్దయ్యాక మొదలుని పిసికి చెట్టుని బలహీనం చేస్తుంది. జూన్, జులైలో మొదటి మంచి వాన పడ్డాక నాటి, ఊత కర్రని ఏడాది దాటకుండా తీసేయండి. కర్రకి కట్టిన తాడు మాత్రం ఆరు నెలలకే వదులు చేయాలి, లేకపోతే బెరడులోకి దిగిపోతుంది.